సూర్యాగ్నికి మూస యేది?

నిర్మల్ పట్టణమునుండి దక్షిణముగ సాగి గోదావరిని దాటినచో నిజామాబాదు జిల్లాలో కోనసముద్రమను గ్రామము కలదు. ఈనాడు ఆ పేరు వినిన విద్యార్థులు తక్కువ. కాని యొకప్పుడు పారశీక వర్తకులు ఆ గ్రామమును వెదకికొని వచ్చెడివారు. డమాస్కసు ఖడ్గములని లోకమున పేరుపొందిన ఆయుధములకు వలసిన ఉక్కు ఈ ప్రాంతపు కొలుములలో తయారయ్యెడిది. హెన్రీ వాయిసీ యను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ పనిని స్వయముగ చూచి వ్రాసిన వివరములు 1832లో అచ్చుపడినవి. పాశ్చాత్యులు వాడుచున్న ‘వూట్జ్’ అను పదము ఉక్కు అను మాటయొక్క వికృతి యని పలువురు పండితుల యభిప్రాయము.

ఆ కమ్మరులకు నిప్పు పెద్ద సమస్య కాదు. అడవిలో కట్టె కలదు, కాల్చిన బొగ్గగును. తిత్తు లూదుటకు మనుష్యులు కలరు. అసలు కష్టము మూసతో వచ్చెడిది. లోపలి ఇనుమును కరిగించు వేడిమికి తాను కరుగక, పగులక, గంటల కొలది నిలువగల మట్టిమూస కావలెను. అందులకై తగిన మట్టిని ఏరి, ఊక కలిపి మర్దించి, ఆరబెట్టి, మూతవేసి మెత్తి, కొలిమి కెక్కించెడివారు. మూస పగిలినచో ఇనుమును పోయెను, బొగ్గును పోయెను, పగలంతయు చేసిన శ్రమయు పోయెను.

ఈ పాతకథను ఇప్పుడు తలచుకొనుటకు కారణము కలదు. సూర్యునిలో మండుచున్న అగ్నిని భూమిపై వెలిగించి, దానితో విద్యుచ్ఛక్తిని తయారు చేయవలెనను ప్రయత్నము డెబ్బది సంవత్సరములకు పైగా సాగుచున్నది. దీనినే కేంద్రక సంలీన మందురు. తేలికయైన రెండు పరమాణు కేంద్రకములు కలిసి యొకటియైనపుడు వెలువడు శక్తి యిది. ఇప్పుడు నడచుచున్న అణువిద్యుత్ కేంద్రములు యురేనియము వంటి బరువైన కేంద్రకమును చీల్చి శక్తిని పొందుచున్నవి, అది విచ్ఛిత్తి. కలియుట వేరు, చీలుట వేరు. ఈ భేదమును తరగతిలో తొలుతనే స్పష్టము చేయని పక్షమున, తరువాతి వాదమంతయు దారి తప్పును.

సంలీనము ఆచరణసాధ్యమా, కాదా యను చర్చ పత్రికలలోను, పాఠశాలల వక్తృత్వపు పోటీలలోను తరచుగ వినబడుచున్నది. ఒక పక్షమువారు రేపో మాపో వచ్చు నందురు. రెండవ పక్షమువారు ఎన్నటికిని రాదందురు. ఈ రెండు తీర్పులలో ఏదియు పరీక్షకు నిలుచునది కాదు. కోనసముద్రపు కమ్మరి అడుగదగిన ప్రశ్ననే యిచ్చటను అడిగినచో విషయము తేటపడును. నిప్పు సరే, మూస యేది?

గోదావరిలో దాగిన ఇంధనము

మొదట ఇంధనము సంగతి. హైడ్రోజనులో డ్యుటీరియమను బరువైన జాతి యొకటి కలదు. సహజమైన నీటిలో సుమారు 6,500 హైడ్రోజను పరమాణువులకు ఒకటి చొప్పున అది యుండును. బాసర క్షేత్రమున భక్తులు స్నానమాడు నీటిలో అది యున్నది. పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్ జలాశయములోను ఉన్నది. అదే గోదావరి దిగువకు పారి, భద్రాచలమునకు సమీపమున అశ్వాపురము చేరుచోట మణుగూరు భారజల కర్మాగారము కలదు. సంవత్సరమునకు 185 టన్నుల భారజలమును ఉత్పత్తి చేయు సామర్థ్యముతో అది 1991లో పని ప్రారంభించెను. హైడ్రోజను సల్ఫైడు వాయువును, నీటిని ఎత్తయిన గోపురములలో ఎదురెదురుగ నడిపి, వేడిని చల్లదనమును మార్చి మార్చి, నూటికి 0.015 వంతు మాత్రమే యుండు దానిని నూటికి 99కి పైబడిన శుద్ధికి తెచ్చుట అచ్చటి పద్ధతి. ఆ భారజలము నేడు విచ్ఛిత్తి రియాక్టర్లలో న్యూట్రానుల వేగమును తగ్గించుటకు ఉపయోగపడుచున్నది. కాని సంలీనమునకు వలసిన డ్యుటీరియమును అందులోనే యున్నది.

చిన్న లెక్క వేసి చూడవచ్చును. భారజలపు బరువులో అయిదవ వంతు డ్యుటీరియము. 185 టన్నులలో అది 37 టన్నులు. వెయ్యి మెగావాట్ల సంలీన విద్యుత్ కేంద్రము నిర్మింపబడినచో దానికి ఏడాదికి కావలసిన డ్యుటీరియము సుమారు 100 కిలోలని అంచనా. అనగా మణుగూరు కర్మాగారము ఒక్క సంవత్సరము పూర్తి సామర్థ్యముతో పనిచేసిన, అట్టి కేంద్రములు 370 ఏడాది పొడవున నడచుటకు సరిపడు డ్యుటీరియము చేతికి వచ్చును. అంతటి బొగ్గు కేంద్రము ఒక్కటి నడచుటకైనను ఏడాదికి కనీసము 27 లక్షల టన్నుల మేలురకపు బొగ్గు కావలెను. ఈ పోలికను చూచిన విద్యార్థి హృదయము ఉప్పొంగుట సహజము. సింగరేణి గనులలో దిగిన తండ్రుల బిడ్డలు చదువుకొను మంచిర్యాల, బెల్లంపల్లి, గోదావరిఖని పాఠశాలలలో ఈ లెక్కకు మరింత అర్థము కలదు.

అయితే ఆ ఇంధనములో సగమే గోదావరి యిచ్చును. సులభముగ జరుగు సంలీనము డ్యుటీరియమునకును ట్రిటియమునకును మధ్య జరుగునది. ట్రిటియము ప్రకృతిలో దాదాపు లేదు. అది రేడియో ధార్మికము, 12.3 సంవత్సరములలో దానిలో సగము క్షీణించిపోవును. వెయ్యి మెగావాట్ల కేంద్రమునకు ఏడాదికి 150 కిలోల ట్రిటియము కావలెనని అంచనా కాగా, పౌర అవసరములకై ప్రపంచములో లభించు నిల్వ కొన్ని పదుల కిలోలకు మించదు. అందుచేత ఏ కేంద్రమునకు కావలసిన ట్రిటియమును ఆ కేంద్రమే, తన గోడలలో లిథియమును నింపుకొని, పండించుకొనవలెను. రైతు వచ్చే పంటకు విత్తనమును ఈ పంటనుండియే తీయునట్లన్నమాట. ఇట్టి పూర్తి సేద్యము ఇంతవరకు ఏ సంలీన యంత్రమందును జరుగలేదు.

జోస్యములు, పరీక్షలు

1955 ఆగస్టులో జెనీవా నగరమున అణుశక్తి శాంతియుత వినియోగముపై తొలి అంతర్జాతీయ మహాసభ జరిగెను. దానికి అధ్యక్షుడు హోమీ భాభా. సంలీనశక్తిని అదుపులో నుంచి విడుదల చేయు మార్గము రాబోవు రెండు దశాబ్దములలో కనుగొనబడునని ఆయన అధ్యక్షోపన్యాసమున ఆశ ప్రకటించెను. హైడ్రోజను బాంబు 1952లో పేలి అప్పటికి మూడేండ్లు. అదుపులేని సంలీనము సిద్ధించినది గనుక అదుపులోని సంలీనము ఎంతో దూరము లేదని ఆనాటి మేధావు లనేకులు నమ్మిరి. విచ్ఛిత్తి విషయమున అట్లే జరిగినది గదా. 1942లో షికాగోలో తొలి రియాక్టరు, 1956లో బ్రిటనులో కాల్డర్ హాల్ విద్యుత్ కేంద్రము. మధ్య గడచినవి పదునాలుగేండ్లే.

1975 వచ్చెను, పోయెను. భాభా ఆశ తీరలేదు. అందువలన ఆయన దూరదృష్టికి లోపమని తలపరాదు. విచ్ఛిత్తిలో యురేనియపు కడ్డీ తన స్థానమున తానే నిలిచియుండును. దానికి మూస సమస్య లేదు. సంలీనములో ఇంధనము కోట్ల డిగ్రీల వాయువు. ఈ భేదపు లోతు ఆనాటికి ఎవరికిని పూర్తిగ తెలియదు.

మధ్యకాలమున తొందరపాటు ప్రకటనలును వెలువడకపోలేదు. 1958 జనవరిలో బ్రిటను శాస్త్రజ్ఞులు తమ ‘జీటా’ యంత్రములో సంలీనము జరిగినట్లు చాటిరి. అదే సంవత్సరము మే నెలలో ఆ మాటను వెనుకకు తీసికొనిరి. కనబడిన న్యూట్రానులు వేరొక కారణమున పుట్టినవని వారే తేల్చుకొనిరి. 1989లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమునుండి గాజుపాత్రలోనే, గది యుష్ణోగ్రత వద్దనే సంలీనము సిద్ధించినదను ప్రకటన వచ్చెను. దానిని తిరిగి చేసి చూపుట ప్రముఖ ప్రయోగశాలలకు సాధ్యము కాలేదు. వీనికి భిన్నమైన కథ సోవియట్ యంత్రమైన టీ-3ది. 1968లో దానిలో కోటి డిగ్రీల మేర వేడిమి సాధించితిమని రష్యనులు చెప్పగా పాశ్చాత్యులు సంశయించిరి. 1969లో బ్రిటిషు బృందము తన లేజరు పరికరములతో మాస్కో వెళ్లి కొలిచి, ఆ మాట నిజమని ధ్రువపరచెను. టోకమాక్ అను ఆ యంత్రరూపము నాటినుండి ప్రపంచమంతట వ్యాపించెను. ప్రకటన యెంత గట్టిగ చేసిరనుదానిపై గాక, ఇతరుడు వచ్చి కొలిచినపుడు నిలిచినదా యనుదానిపై శాస్త్రగౌరవ మాధారపడునని విద్యార్థులకు చెప్పుటకు ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు.

లెక్క యెచ్చటనుండి యెచ్చటికి?

2022 డిసెంబరు 5న అమెరికాలోని లివర్‌మోర్ ప్రయోగశాలలో 192 లేజరు కిరణములను ఒక చిన్న ఇంధనపు గుళికపై కేంద్రీకరించిరి. లేజర్లు ఇచ్చిన శక్తి 2.05 మెగాజౌళ్లు, సంలీనము వలన వెలువడినది 3.15 మెగాజౌళ్లు. ఇచ్చినదానికంటె వచ్చినది అధికమగుట చరిత్రలో అదియే మొదటిసారి. 2024లో 2.2 ఇచ్చి 5.2 పొందిరి. ఇవి నిస్సంశయముగ గొప్ప విజయములు.

అయితే ‘ఇచ్చినది’ అనుదానిని ఎచ్చట కొలిచిరో అడుగవలెను. ఆ 2.05 మెగాజౌళ్ల కాంతిని పుట్టించుటకు లేజరు యంత్రములు విద్యుత్ తీగలనుండి తీసికొన్నది సుమారు 300 మెగాజౌళ్లు. ఇంటి మీటరు భాషలో ఒక యూనిట్టు 3.6 మెగాజౌళ్లు. అనగా 83 యూనిట్లు ఖర్చుపెట్టగా వచ్చినది ఒక్క యూనిట్టుకు తక్కువ, అదియును వేడిరూపమున. దానిని విద్యుత్తుగ మార్చినచో మూడవ వంతు మాత్రమే మిగులును. పైగా విద్యుత్ కేంద్రము కావలెనన్న ఇట్టి గుళికలు సెకనునకు పలుమార్లు, రాత్రింబవళ్లు, ఆగకుండ పేలవలెను.

టోకమాక్ మార్గమున లెక్క మరియొక విధముగ నున్నది. ఇంగ్లండులోని జెట్ యంత్రము 2023 అక్టోబరులో 5 సెకనుల కాలమున 69 మెగాజౌళ్ల సంలీనశక్తి నిచ్చెను. ఉపయోగపడిన ఇంధనము 0.2 మిల్లీగ్రాము; ఆవగింజలో పదియవ వంతునకు మించదు. అంత స్వల్పమైన ఇంధనమునుండి 19 యూనిట్ల వేడి వెలువడుట అద్భుతమే. కాని ఆ ప్లాస్మాను వేడిచేయుటకు పెట్టిన శక్తి దానికంటె ఎక్కువ. ఆ యంత్రము 2023 డిసెంబరుతో విశ్రాంతి తీసికొనెను. 2025 ఫిబ్రవరిలో ఫ్రాన్సులోని వెస్ట్ యంత్రము 1,337 సెకనులపాటు, అనగా 22 నిమిషములకు పైగా, ప్లాస్మాను నిలుపగలిగెను. ఇచ్చట నిలిచినది వేడి వాయువు మాత్రమే. శక్తిని పండించు ఇంధనము అందులో వాడబడలేదు. వార్తాపత్రికలో ‘రికార్డు’ అను మాట కనబడినపుడు ఏది రికార్డు, వేడిమియా, కాలమా, శక్తియా యని ఉపాధ్యాయుడు ప్రశ్నింపజేసినచో ఆ యొక్క ప్రశ్నయే ఒక పాఠమగును.

మూస కష్టము

సూర్యుని నడిబొడ్డున వేడిమి సుమారు 1.5 కోట్ల డిగ్రీలు. టోకమాక్‌లో కావలసినది 15 కోట్ల డిగ్రీలు. సూర్యునికంటె పదిరెట్లు ఎందులకని విద్యార్థులు అడుగుట న్యాయమే. సూర్యకేంద్రమున ఒక ఘనమీటరు పదార్థము వెలువరించు శక్తి సుమారు 280 వాట్లు. అది పొలముగట్టున మాగుచున్న ఎరువుకుప్ప వేడితో పోల్చదగినది. సూర్యుడు ఇంతగ వెలుగుటకు కారణము ఆయన పరిమాణము, సహనము. మానవునికి అంత స్థలమును లేదు, అంత కాలమును లేదు. కాబట్టి వేగముగ మండించవలెను.

అంతటి వేడిమిని ఏ లోహమును, ఏ మట్టియు తాకి నిలువలేదు. అందుచేత అయస్కాంత క్షేత్రముతో కట్టిన కంటికి కనబడని మూసలో ప్లాస్మాను వ్రేలాడదీయుదురు. ఆ అయస్కాంతములు సున్నకు దిగువ 269 డిగ్రీల చలిలో పనిచేయవలెను. లోపల 15 కోట్ల డిగ్రీలు, కొలది మీటర్ల దూరమున విశ్వములోని చలికి సమీపమైన చలి. వీని నడుమ గోడ నిలువవలెను. సంలీనమున పుట్టు శక్తిలో నాలుగైదవ వంతులు, అనగా అయిదింట నాలుగు పాళ్లు, న్యూట్రాను తీసికొనిపోవును. దానికి విద్యుదావేశము లేదు. అయస్కాంతపు కట్టుబాటునకు లొంగక తిన్నగ గోడను తాకును. ఏండ్ల తరబడి ఆ తాకిడికి లోహములోని పరమాణువులు స్థానభ్రంశము చెంది, గోడ పెళుసుబారును. ఆ లోహమే కొంత రేడియో ధార్మికమగును. ఇట్టి తాకిడికి లోహములను పరీక్షించుటకే స్పెయినులో గ్రనడా సమీపమున ప్రత్యేక కేంద్రమొకటి నిర్మాణమందున్నది.

ఫ్రాన్సులోని కదరాష్‌లో ఏడు భాగస్వాములు కూడి నిర్మించుచున్న ఇటర్ యంత్రము చరిత్రయే మూస కష్టమునకు సాక్ష్యము. ఐరోపా సమాఖ్య, చైనా, జపాను, దక్షిణ కొరియా, రష్యా, అమెరికాలతో పాటు భారతదేశమును అందు భాగస్వామి. 2006 నవంబరులో ఒప్పందముపై సంతకములు జరిగినవి. 50 మెగావాట్ల వేడిని లోపలికి పంపి 500 మెగావాట్లు రాబట్టుట లక్ష్యము. విద్యుదుత్పత్తి దాని లక్ష్యము కాదు. తొలి ప్లాస్మా 2025లో అని యొకప్పుడు నిర్ణయింపబడగా, 2024లో ప్రకటించిన కొత్త ప్రణాళిక ప్రకారము పరిశోధన 2034లో ప్రారంభమగును. డ్యుటీరియము, ట్రిటియములతో అసలు ప్రయోగములు 2039లో. ప్లాస్మా కెదురుగ నుండు లోపలి గోడకు తొలుత బెరీలియమును అనుకొనిరి. తరువాత టంగ్‌స్టనునకు మార్చిరి. అంతటి శాస్త్రజ్ఞులును మూసకు మట్టిని ఇంకను ఏరుచునే యున్నారన్నమాట.

ఆశావాదుల బలము

ఇంతవరకు చెప్పినదానిని బట్టి సంలీనమును వ్యర్థప్రయాసగ కొట్టివేయుట అన్యాయమగును. ఆశావాదుల పక్షమున బలమైన మాటలు కలవు. సంలీనములో గొలుసుచర్య లేదు. ఏ లోపము కలిగినను ప్లాస్మా చల్లబడి తానే యారిపోవును. విచ్ఛిత్తివలె వేల సంవత్సరములు కాపాడవలసిన ఇంధన వ్యర్థములు మిగులవు. బూడిద లేదు, పొగ లేదు. 2021లో అమెరికాలో కొత్తరకపు అతివాహక తీగలతో 20 టెస్లాల బలముగల పెద్ద అయస్కాంతమును పరీక్షించి గెలిచిరి. దీనివలన యంత్రము చిన్నదగు అవకాశము కలిగెను. ప్రైవేటు సంస్థలు రంగములోనికి వచ్చి పెట్టుబడులు పెట్టుచున్నవి. 2028 నాటికి విద్యుత్తు నిచ్చెదమని కొనుగోలుదారునితో ఒప్పందము చేసికొన్న సంస్థయు కలదు. ఆ మాట నిలుచునో లేదో చెప్పవలసినది మీటరు.

భారతదేశపు పాత్రయు చిన్నది కాదు. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థ 1989లో ఆదిత్య యను టోకమాక్‌ను నడిపెను. 2013లో ఎస్ఎస్‌టీ-1 తొలి ప్లాస్మా నిచ్చెను. ఇటర్ యంత్రమునంతయు తన కడుపులో నుంచుకొను సుమారు 3,850 టన్నుల ఉక్కుపాత్ర గుజరాతులోని హజీరాలో భాగములుగ తయారై సముద్రము దాటినది. కోనసముద్రపు ఉక్కు ఒకప్పుడు పారశీకమునకు పోయినట్లే, ఈనాడు సూర్యాగ్నికి బయటి కవచము భారతదేశమునుండి ఫ్రాన్సునకు పోయినది.

ఆలస్యమే దోషమనుటయు సరికాదు. పోచంపాడు వద్ద 1963 జూలైలో నెహ్రూ పునాదిరాయి వేయగా, అచ్చటి జలవిద్యుత్తు 1980ల చివరి భాగమునకు గాని రాలేదు. ఆనకట్ట కట్టుట మానవునికి వేల సంవత్సరములుగ తెలిసిన విద్య. తెలిసిన విద్యకే పాతికేండ్లు పట్టినపుడు, తెలియని విద్యకు కాలము పట్టినదని నిందించుట తగదు.

రామగుండము ముందున్న ప్రశ్న

ఈ చర్చ ఉత్తర తెలంగాణమున వట్టి పుస్తక చర్చ కాదు. రామగుండములో 2,600 మెగావాట్ల జాతీయ థర్మల్ కేంద్రము కలదు. దాని ప్రక్కనే 1,600 మెగావాట్ల కొత్త కేంద్రము 2023, 2024 సంవత్సరములలో నడకకు వచ్చినది. మంచిర్యాల జిల్లా జైపూరులో సింగరేణి సంస్థకు 1,200 మెగావాట్ల కేంద్రము కలదు. నేడు కట్టిన బొగ్గు కేంద్రము ముప్పది, నలువది ఏండ్లు నడచును. అనగా 2024లో వెలిగిన కొలిమి 2060 ప్రాంతము వరకు మండుచుండవచ్చును. ఇటర్ అసలు ప్రయోగములు 2039లో. అవి సఫలమైన పిదప విద్యుత్తు నిచ్చు నమూనా కేంద్రము, దాని వెనుక వాణిజ్య కేంద్రములు. ఈ రెండు కాలములను ప్రక్కప్రక్కన వ్రాసి చూచినచో, నేటి పదవ తరగతి విద్యార్థి ఉద్యోగ విరమణ చేయునాటికి గూడ సంలీన విద్యుత్తు ఇల్లిల్లు చేరునని భరోసా యిచ్చుట సాధ్యము కాదని తెలియును.

కాబట్టి రెండు తప్పుడు సలహాలను త్రోసిపుచ్చవలెను. మొదటిది: సంలీనము రానే వచ్చుచున్నది గనుక బొగ్గు పొగనుగూర్చి, సౌరవిద్యుత్తునుగూర్చి, విద్యుత్తును నిలువచేయు ఏర్పాట్లనుగూర్చి ఇప్పుడు శ్రమపడ నక్కరలేదనుట. రాబోవు వాననమ్మి చెరువుగట్టు తెగగొట్టుకొను వారెవరును లేరు. రామగుండములోనే జలాశయముపై తేలియాడు 100 మెగావాట్ల సౌరఫలకములు 2022నుండి పనిచేయుచున్నవి. అవియు సంలీనశక్తినే గ్రహించుచున్నవి. కొలిమి మాత్రము పదునైదు కోట్ల కిలోమీటర్ల దూరమున సురక్షితముగ నున్నది. రాత్రి దాని వెలుగు లేకపోవుట నిజమైన లోపము. ఆ లోపమును తీర్చు మార్గములు మాత్రము 15 కోట్ల డిగ్రీల మూసకంటె దగ్గరగ నున్నవి.

రెండవ తప్పుడు సలహా: డెబ్బది యేండ్లుగ రానిది ఇక రాదు గనుక పరిశోధనను ఆపివేయుడనుట. 1968 నాటి కోటి డిగ్రీలు నేడు 15 కోట్లు దాటినవి. కొన్ని మిల్లీసెకనులు నిలిచిన ప్లాస్మా నేడు నిమిషములు నిలుచుచున్నది. ఇచ్చినదానికి మించిన శక్తి 2022లో తొలిసారి కనబడినది. ఇంతగ ముందునకు సాగిన విద్యను వదలివేయుట వివేకము కాదు. ఫలము మనుమల కైనను దక్కునని తాతలు మామిడి నాటుట ఈ సీమలో ఎరుగని ఆచారము కాదు.

ఉపాధ్యాయుడు తన విద్యార్థుల చేతికి ఈయదగినవి మూడు ప్రశ్నలు. సంలీనమునుగూర్చి ఏ వార్త వచ్చినను, మీటరునుండి మీటరు వరకు లెక్కవేసినచో మిగిలినదెంత? ఎంతసేపు ఆగక నడచినది? ఆ గోడ, ఆ ట్రిటియము ఎన్ని సంవత్సరములు నిలుచును? మొదటి ప్రశ్నకు సగము సమాధానము దొరకినది, రెండవదానికి కొద్దిగ, మూడవదానికి ఇంకను దొరకవలసియున్నది. బాసరలోనో, నిర్మల్‌లోనో నేడు చదువుకొనుచున్న పిల్లలలో ఒకరిద్దరు ఆ మూడవ ప్రశ్నకు జీవితము నంకితము చేయుదురేమో. అప్పుడు వారికి కావలసినది తొందరపాటు ఉత్సాహము కాదు, నిరాశయు కాదు. మూస పగిలిన మరునాడు మరల మట్టిని ఏరి, ఊక కలిపి, కొత్తమూసను ఆరబెట్టిన కోనసముద్రపు కమ్మరి ఓర్పు కావలెను.